నిండు గిన్నె

మామయ్యగారు గిన్నె ముట్టుకోలేదు.

అంచుదాకా నిండిన గిన్నె. పాలు కలిపిన టీ మీద పల్చగా మీగడ కట్టడం కూడా మొదలైంది. పొట్టి బల్ల చుట్టూ బొంతల మీద కూర్చున్నవాళ్ళందరూ దాన్నే చూస్తున్నారు, నేనేదో అందులో తేలుని వేసి పెట్టినట్టు.

"కుల్యాష్," అన్నారాయన కూతురితో, నా వైపు చూడకుండా. "నీ కారు వాకిట్లోనే ఉందా?"

"ఉంది నాన్నా."

"పెట్రోలుందా?"

"ఉంది. ఎందుకు?"

"దయచేయమంటున్నారు. దయచేస్తాను."

పరామర్శకి వచ్చిన పక్క వీధి ముసలమ్మలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరుక్షణం ఇద్దరికీ ఇంటి దగ్గర ఏవో పనులు గుర్తొచ్చాయి. రొట్టె ముక్క చేతిలో పట్టుకునే లేచారు. వాళ్ళు మా వీధి మలుపు తిరిగేలోపు ఈ కబురు రైల్వే కాలనీ అంతా తిరిగొస్తుందని నాకు తెలుసు. మా కజకు ఊరు ఆయగోజ్‌లో మంచు కరిగిన బురదలో కార్లు కదలవు గానీ కబుర్లు కదులుతాయి.

నాకు తెలియక పోయలేదు. గిన్నెలో అడుగున రెండు వేళ్ళ ఎత్తు పోస్తేనే మర్యాద అని మా ఊళ్ళో మాటలు రాని పిల్లకి కూడా తెలుసు. కొంచెం పోస్తే 'ఉండండి, మళ్ళీ పోస్తాను, ఇంకా బోలెడు కబుర్లున్నాయి' అని. నింపి పోస్తే 'తాగి లేవండి' అని. కాపురానికొచ్చి తొమ్మిదేళ్ళయింది. టీ నీళ్ళు కాచే సమోవార్ పక్కన ఆ చోట్లో కూర్చుని ఎన్ని వేల గిన్నెలు అడుగు మాత్రమే తడిపి అందించానో! కరగండాలో కెమిస్ట్రీ చదువుకున్నది పాలూ డికాక్షనూ పాళ్ళు చూడటానికి బాగానే పనికొచ్చింది.

"చదువుకున్న కోడలు కదా నాన్నా," అంది పంచదార వదిన. "గిన్నె ఎంత పడుతుందో చివరి బొట్టుదాకా కొలిచి చూపించింది."

సెమెయ్ పట్నం నుంచి ఆ కారులో వచ్చిన ఈమె మా ఆయనకి అక్క. అత్తవారి తరఫు వాళ్ళని మా కోడళ్ళం పేరు పెట్టి పిలవకూడదు, ముద్దుపేర్లు పెట్టుకోవాలి. పెళ్ళయిన మూడోరోజున ఈమెకి పంచదార వదిన అని పెట్టాను. అప్పటికి పరిచయం లేదు.

"వదినా, నా అంతట నేను చెయ్యలేదు. ఉల్బోల్సిన్ అక్క చెప్పింది."

"ఏ అక్క?"

"పాలీక్లినిక్‌లో నర్సు. మామయ్యగారిని చూస్తోంది కదా, ఆవిడ."

"అయితే నర్సు చెప్పిందని మా నాన్నని ఇంట్లోంచి పంపేస్తావా? రేపు ఆవిడ బొంత కూడా వీధిలో పరవమంటే పరుస్తావా?"

"రోజుకి ఆయన ఎంత తాగుతున్నారో లెక్క తెలియాలి. గుక్కెడు గుక్కెడు పోస్తే ఎన్నిసార్లు పోశానో నాకే తెలియడం లేదు. నింపి ఇస్తే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి..."

"వింటున్నావా నాన్నా? రేషను!"

మామయ్యగారికి వినిపించలేదో, వినిపించనట్టు ఉన్నారో. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయారు. మొదటిసారికి లేవలేకపోయారు. రెండోసారికి వదిన రెక్క పట్టుకుంది. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. చప్పుడు రాకుండా వేశారు. అదే బాధ. ముప్పై ఏళ్ళు గూడ్సు రైళ్ళు నడిపిన మనిషి, మామూలుగా ఆయన తలుపు వేస్తే గోడ మీద గడియారం ఊగుతుంది.

కాసేపటికి పెట్టె తాళం తీసిన చప్పుడు వినిపించింది.

పోయిన ఆకులు రాలేకాలం నుంచి ఆయన మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళొచ్చారు. ప్రతిసారీ ఒకే కథ. గుండె బలం తగ్గి ఒంట్లో నీరు నిలుస్తుంది, ఊపిరాడదు, అంబులెన్సు. అక్కడ సూదులిచ్చి నీరు తీసి, సన్నబడిన మొహంతో ఇంటికి పంపిస్తారు. ఇంటికి రాగానే ఊరు ఊరంతా పరామర్శకొస్తుంది. వచ్చినవాళ్ళకి టీ. వాళ్ళతోపాటు ఆయనకి టీ. ఉప్పు వేసిన టీ, ఉప్పు పెరుగు ఎండబెట్టిన కుర్త్ ఉండలు, ఉప్పులో ఊరిన గుర్రం మాంసం. తాను తినకుండా అతిథి ముందు కూర్చుంటే అవమానం. రెండు వారాలు తిరిగేసరికి చెప్పులు కాళ్ళకి పట్టవు. మళ్ళీ అంబులెన్సు.

మొదటిసారి చేర్పించినప్పుడు కిటికీలో కూర్చున్నమ్మాయి రోగి పేరడిగింది. మామగారి పేరు నేను నోటితో అనకూడదు. కాగితం మీద రాసిచ్చాను. రాయకూడదని ఎవరూ చెప్పలేదు. మూడోసారికి ఆ అమ్మాయి నన్ను చూడగానే తనే రాసేసుకుంది.

ఆ మూడోసారే గుండె డాక్టరు మా ఆయనని వరండాలోకి పిలిచి చెప్పాడు. "వచ్చిన ప్రతిసారీ ఆ గుండె కొంచెం పోతోంది. ఇంకోసారి ఇలా వస్తే నడిచి వెళ్తాడని నేను మాటివ్వలేను."

*

మా ఆయన రైలు డిపో నుంచి వచ్చేసరికి చీకటి పడలేదు. బూట్లు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. అంటే దారిలోనే విన్నాడన్నమాట.

"నాన్న పెట్టె సర్దుకున్నాడట."

"ఊఁ."

"అక్క రేపు పొద్దున సెమెయ్ తీసుకెళ్తానంటోంది."

"ఊఁ."

"ఏంటి ఊఁ?"

"బూట్లు విప్పు. తుడిచిన నేల."

విప్పాడు. వంటగదిలోకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఉల్లిపాయ తరుగుతున్నాను. ఏడవాలనుకుంటే అది మంచి ఏర్పాటు.

"చిన్నకొడుకుని నేను," అన్నాడు. "ఈ ఇల్లు నాది కాదు, ఆయనది. ఆయన ఉన్నన్నాళ్ళు ఆయనతో ఉండాల్సింది నేను. కన్నకొడుకుండగా వెళ్ళి కూతురి ఇంట్లో కూర్చున్నాడంటే ఇక నేను డిపోలో తలెత్తుకోగలనా?"

"నీ తల సంగతి నాకు తెలియదు. ఆయన కాళ్ళు చూశావా?"

"చూడలేదు."

"చూసి మాట్లాడు."

వెళ్ళలేదు. బల్ల మీద రొట్టె పొడిని వేలితో ఒక దగ్గరికి చేరుస్తూ కూర్చున్నాడు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నర్సు చెప్పిందని పోశావా, విసుగొచ్చి పోశావా?"

కత్తి ఆగింది.

ఆ రోజు అది నాలుగో పరామర్శ. పొద్దున్నుంచి నేను నిలబడి తిన్నది ఒక ముక్క. కొత్త సంవత్సరపు నౌరీజ్ పండగ వారం కావడంతో వచ్చినవాళ్ళు పరామర్శ టీతోపాటు పండగ టీ కూడా తాగేసి వెళ్తున్నారు. ఆ ముసలమ్మలిద్దరూ మరో గంట కూర్చోవాలని వచ్చినట్టు కాళ్ళు మడుచుకున్నారు. మామయ్యగారు గిన్నె చాపారు. కళ్ళ కింద ఉబ్బు కనిపించింది. గిన్నె నిండింది. నా చెయ్యే నింపింది. ఎవరు చెబితే నింపిందో దాన్ని అడిగితే కదా తెలిసేది.

"రెండూ," అన్నాను.

మా ఆయన చేరదీసిన రొట్టె పొడినంతా నోట్లో వేసుకుని లేచాడు.

"ఆ మాట అక్క ముందు అనకు."

నాకు మద్దతుగా ఆయన నోటి నుంచి ఈ ఏడాది వచ్చిన మొదటి మాట అది. దాచుకున్నాను.

*

మర్నాడు పొద్దున ఉల్బోల్సిన్ అక్క వచ్చేసరికి మామయ్యగారు కోటు వేసుకుని వసారాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పక్కన పెట్టె. వదిన కారు అద్దాలు తుడుస్తోంది. మా ఆయన, ఎవరూ అడగకుండానే, కారు టైర్లలో గాలి చూస్తున్నాడు. ఏ పక్షమూ తీసుకోకూడదనుకున్న మగవాడికి టైర్లంత ఆసరా ఇంకొకటి లేదు.

ఉల్బోల్సిన్ అంటే మా భాషలో కొడుకు పుట్టుగాక అని. ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాలుగోది కూడా ఆడపిల్లే అయితే దేవుడికి గుర్తుచేయడానికి పెట్టే పేరు. దేవుడు వినలేదు, వెనక ఇంకా ఇద్దరు చెల్లెళ్ళున్నారు. యాభై దాటిన మనిషి. మామూలు నర్సు కాదు. పైచదువు చదివి, తనే పరీక్ష చేసి, డాక్టరుతో అనుకున్న హద్దులో తనే మందు పెంచి తగ్గించే నర్సు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన గుండె రోగులు మళ్ళీ అక్కడికి పోకుండా చూడటం ఆమె పని. మామయ్యగారు ఆమెని 'అర డాక్టరమ్మ' అంటారు. ఆమెకి వినబడేలాగే అంటారు.

ఆమె బురద పట్టిన రబ్బరు గలోషులు గుమ్మం దగ్గర విప్పింది. విప్పి, వెంటనే లేవలేదు. గోడకి ఆనుకుని రెండు క్షణాలు కళ్ళు మూసుకుంది. రాత్రంతా ఎవరింట్లో ఉందో.

"ఎక్కడికి పెద్దనాన్నా ప్రయాణం?"

"నీ మాట ప్రకారమే అమ్మాయ్. గిన్నె నింపించావుగా."

ఆమె నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"ఎవరి ముందు పోశావు?" అంది మెల్లగా.

"అందరి ముందూ."

"అయ్యో బల్జాన్," అంది. తర్వాత తన నుదుటి మీద అరచేత్తో గట్టిగా కొట్టుకుంది. "నీకు కాదు, నాకు. ఫోన్‌లో అన్నాను, నింపి ఇవ్వు అని. ఆ మాట అన్న నేను కజకు ఆడదాన్నేనా? మా ఇంట్లో మా మామగారికి ఆ పని చేస్తే మా అత్త సమోవార్ నా నెత్తిన బోర్లించేది."

వదిన గుడ్డ పట్టుకుని లోపలికొచ్చింది. "ఇప్పుడు నుదురు కొట్టుకుని ఏం లాభం? మా నాన్నని నేను తీసుకెళ్తున్నాను. సెమెయ్‌లో పెద్దాసుపత్రులున్నాయి."

"ఉన్నాయమ్మా. ఆసుపత్రికి వెళ్ళడం ఈయనకి బాగానే అలవాటయింది. వెళ్ళకుండా ఉండటం అలవాటు కావాలి." బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "పెద్దనాన్నా, ఎండ కాస్తోంది, మంచు కరిగిపోతోంది. ఈ దళసరి ఉన్ని ఫెల్టు బూట్లు ఎందుకు వేసుకున్నారు?"

"చలి."

"చలా, తోలు బూట్లు పట్టలేదా?"

ఆమె ఆయన అనుమతి కోసం చూసింది. ఆయన మొహం తిప్పుకున్నారు, కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. బూటు లాగింది. మేజోడు అంచు చర్మంలోకి దిగి, చుట్టూ గాడి పడింది. బొటనవేలితో నొక్కి తీసింది. గుంట అలాగే ఉండిపోయింది, మెత్తటి పిండి మీద వేలు పెట్టినట్టు.

వదిన చేతిలో గుడ్డ నలగడం ఆగింది.

"నాన్నా, నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

కాటా మీద నిలబెడితే ఆసుపత్రి నుంచి వచ్చిన రోజుకన్నా మూడు కిలోలు ఎక్కువున్నారు. ఉల్బోల్సిన్ అక్క వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు వింది. తర్వాత సంచీ పక్కన పెట్టి, గలోషులు విప్పిన కాళ్ళతో లోపలికి నడిచి, బల్ల దగ్గర చతికిలబడింది. మామయ్యగారితో సహా అందరం ఆమె వెనకే వెళ్ళాం.

"బల్జాన్, టీ పొయ్యి. నింపు."

"అక్కా..."

"నింపవే."

నింపాను. అందరూ చూస్తుండగా ఆమె ఊదుకుంటూ, నాలుక కాల్చుకుంటూ మొత్తం తాగింది. గిన్నె బోర్లించి చూపించింది.

"తాగాను. లేవడం లేదు పెద్దనాన్నా. కారు పెట్టి లాగించినా లేవను. ఇక నిండు గిన్నెకి ఆ అర్థం పోయింది. చాలా?"

నాకు నవ్వొచ్చింది. మా ఆయన కూడా పెదవి కొరుక్కున్నాడు. మామయ్యగారికి రాలేదు.

"నీకు పొయ్యడం వేరు," అన్నారు. "నువ్వు ఎలాగూ వెళ్ళాల్సిన మనిషివి."

ఆమె నవ్వు అక్కడితో ఆగిపోయింది.

"రైలు నడిపేటప్పుడు మీటర్లు చూసేవారా లేదా?" అని ఇంకో ప్రయత్నం చేసింది.

"చూసేవాళ్ళం. మీటరు చెడితే డిపోకి తోలేవాళ్ళం. డ్రైవర్ని దిగిపొమ్మనేవాళ్ళం కాదు."

సమోవార్ చిన్నగా రొద పెడుతోంది. ఉల్బోల్సిన్ అక్క గిన్నెని అటూ ఇటూ తిప్పింది. ఆమె కళ్ళ కింద నల్లటి చారలు ఆ వెలుతురులో ఇంకా నల్లగా కనిపించాయి. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో హాస్యం లేదు.

"తప్పు నాదే పెద్దనాన్నా. గిన్నెది కాదు. ఎంత తాగాలో, ఎందుకు తాగకూడదో మీ కోడలికి చెప్పాను. మీ అబ్బాయికి చెప్పాను. కూర్చోబెట్టి మీకు చెప్పలేదు. మీ ఒంటి సంగతి మీ వెనకాల మాట్లాడాను."

మామయ్యగారు మొదటిసారి ఆమె వైపు నేరుగా చూశారు.

"ఆసుపత్రిలోనూ అంతే," అన్నారు. "నా మంచం మీంచి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. నేను అడ్డంగా పడి ఉన్న దుంగని."

"అయితే ఇప్పుడు మీతోనే మాట్లాడతాను. మీ ఒంట్లోకి వెళ్తున్న నీళ్ళు బయటికి రావడం లేదు. ఊపిరితిత్తుల అడుగున అప్పుడే చప్పుడుంది. ఆసుపత్రికి ఇంకా వెళ్ళక్కర్లేదు. నీరు తీసే మాత్ర ఇవాళ్టి నుంచి పెంచుతాను, ఇప్పుడే రక్తం తీసుకెళ్తాను, వారం రోజులు పొద్దున్నే వచ్చి కాళ్ళు నొక్కి చూస్తాను. తగ్గకపోతే నేనే దగ్గరుండి అంబులెన్సు ఎక్కిస్తాను, దాచను. కానీ ఇవాళ ఆ గతుకుల రోడ్డు మీద సెమెయ్ వెళ్తే అక్కడికి చేరగానే నాలుగోసారి. ఆ నాలుగోసారి గురించి డాక్టరు ఏమన్నాడో మీకు చెప్పారా?"

ఎవరూ చెప్పలేదు. మా ఆయన గోడ చూశాడు.

"చెప్పక్కర్లేదు," అన్నారు మామయ్యగారు. "వాడు వరండాలోంచి తిరిగొచ్చినప్పుడు మొహం చూశాను."

ఆయన కోటు గుండీ ఒకటి విప్పారు. ఆగారు. రెండోది విప్పారు. వదిన కళ్ళు తుడుచుకుంది. అప్పుడు ఆయన అన్నారు:

"వారం ఉంటాను. నువ్వు చెప్పినంతే తాగుతాను. కానీ ఆ చేతి టీ తాగను."

ఏ చెయ్యో చూపించలేదు. అవసరం లేకపోయింది.

"కుల్యాష్ పోస్తుంది. కుల్యాష్ ఉంటుంది వారం రోజులూ. ఇష్టమైతే సరే. లేదంటే కారు బయటే ఉంది."

మా ఆయన నోరు తెరిచాడు. నేను తల అడ్డంగా ఊపాను. మూసుకున్నాడు.

ఉల్బోల్సిన్ అక్క నా మొహంలోకి చూస్తోంది. ఆమె అడగలేదు. కానీ ఆ గదిలో జవాబు చెప్పాల్సింది నేనొక్కదాన్నే. తొమ్మిదేళ్ళు కూర్చున్న చోటు. కోడలున్న ఇంట్లో ఆడపడుచు టీ పోస్తోందంటే ఆ కోడలు పోయిందనైనా అనుకుంటారు, పనికిరాదనైనా అనుకుంటారు. పరామర్శకొచ్చే ప్రతి గుంపూ ముందు ఆ చోటు చూస్తుంది, తర్వాతే రోగిని చూస్తుంది.

లేచాను. బొంత సర్ది, పక్కకి జరిగాను.

"కూర్చో వదినా," అన్నాను.

పంచదార వదిన కూర్చుంది. కూర్చునే ముందు బొంతని ఇంకోసారి తనే సర్దుకుంది.

*

రక్తం సీసా సంచీలో పెట్టుకుని ఉల్బోల్సిన్ అక్క బయల్దేరింది. గేటుదాకా వెళ్ళాను. ఎండ బాగానే ఉంది. గేటు కప్పు మీంచి మంచు నీళ్ళు మా ఇద్దరి మధ్యా కారుతున్నాయి.

"కోపమొచ్చిందా?" అంది.

"దేనికి? మామయ్యగారు ఉన్నారుగా."

"నేనడిగింది అది కాదు."

నేను గేటు గడియ తీశాను. అది బిగుసుకుపోయింది, రెండుసార్లు లాగాల్సి వచ్చింది.

"రాత్రి మిల్లు వీధిలో ఒకాయన పోయాడు," అందామె, బురదలో ఊడిన గలోషుని చేత్తో దులుపుతూ. "నేను చూస్తున్న మనిషే. వారం క్రితం నడిచి తిరిగాడు. అంతా బాగుందనుకున్నాను. నాకు తెలియకుండా ఇంకొకరి ఇంటికి మార్చారు, నీళ్ళూ ఉప్పూ లెక్క అక్కడెవరికీ తెలియదు." కాసేపాగి, "అందుకే నా మాట వినవే. ఇప్పుడు ఇక్కడ అన్నీ తెలిసిందానివి నువ్వు, గిన్నె ఆవిడ చేతిలో ఉంది. ఆవిడకి నేర్పాలి."

"నేనా? పంచదార వదినకా?"

"నేను వారంలో రోజుకి పావుగంట ఉంటాను. మిగతా అంతా నువ్వే ఉంటావు. ఆవిడ మంచిది కాకపోవచ్చు, కానీ నాన్న కావాలి ఆవిడకి. అక్కణ్ణుంచి మొదలుపెట్టు."

"ఆవిడ నా మాట వింటుందనుకుంటున్నావా అక్కా?"

"వినదు," అంది. "అయినా నేర్పాలి."

అప్పుడు వంటింటి కిటికీ తెరుచుకుంది.

"బల్జాన్! నాన్నకి చప్పిడి టీ దిగడం లేదట. ఈ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టి చచ్చావు?"

ఆ పొద్దున వదిన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

ఉల్బోల్సిన్ అక్క ఒక కాలికి గలోషుతో, ఒక కాలికి లేకుండా నిలబడిపోయింది. ఉప్పు ఎక్కడుందో నేను చెప్పలేదు. లోపల ఒక్కో డబ్బా మూత తీసి, మళ్ళీ పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.